దూలం తలకు గాలి

ఆ రోజు పొద్దున ఆకాశం పొగ పట్టి ఉంది. ఇప్పపూలు ఏరుకోవడానికి అడవిలో చెట్ల కింద ఆకు కాల్చే రోజులవి. రాత్రి కాలిన పొగ పైకి పోలేక తెల్లవారేసరికి గుట్టల నెత్తి మీదనే ఆగిపోయింది. సూర్యుడు అందులోంచి ఎర్రగా లేచాడు. తాడిచెట్టంత ఎత్తుకు వచ్చేదాకా కన్ను చిట్లించకుండా చూడొచ్చు. గాలి లేదు. సున్నం పనికి మంచి పొద్దు. ఎండ మండితే సున్నం తొందరపడి ఆరి, పగులు ఇస్తుంది.

నేను తునికిబండ హాల్టుకు చేరేసరికి సారక్క అప్పటికే వచ్చి రాతి బెంచీ మీద కూర్చుని ఉంది. పక్కన స్టీలు టిఫిను. పని మొదలైన దగ్గర్నుంచి అది పంతొమ్మిదో రోజు. పంతొమ్మిది రోజులూ నాకంటే ముందే వచ్చింది.

"వచ్చినవా మేస్త్రీ? రా, రా. నా మొగున్ని మింగిన కొంపకు సోకులు చెయ్యి."

నాకు మాటలు తక్కువ. ఉన్న నాలుగూ ఆమె ముందు బయటికి రావు. సున్నం గుంట మీద కప్పిన తడి గోనెసంచులు తీశాను.

తునికిబండ హాల్టు అంటే పెద్ద కట్టడం ఏమీ కాదు. కారేపల్లికీ కొత్తగూడేనికీ నడుమ, మెట్ట పొలాలు అయిపోయి అడవి మొదలయ్యే చోట, లైను పక్కన ఒక చావడి. నైజాం కాలంలో బొగ్గు కోసం పట్టాలు వేసినప్పుడు ఎక్కేవాళ్ళు ఎండకూ వానకూ నిలబడతారని కట్టారు. మూడు వైపులా నల్లరాతి గోడలు. ముందు నాలుగు రాతి స్తంభాలు. వెనక గోడలోంచి ఒక్కో స్తంభం మీదికి ఒక్కో టేకు దూలం. పైన బెంగుళూరు పెంకు. నొసటి మీద ఊరి పేరు మూడు లిపుల్లో చెక్కిన రాయి. కరోనాలో ఇక్కడ పాసింజరు ఆపడం మానేశారు, మళ్ళీ ఆపలేదు. బొగ్గు గూడ్సులు మాత్రం ఆగకుండా పోతుంటాయి. అవి పోయినప్పుడల్లా గోడ పాదాల్లోంచి వణుకు వస్తుంది.

మూడేళ్ళ కింద శ్రావణం ముసురులో మూడో దూలం పడింది. కింద ఎల్లస్వామి ఉన్నాడు. సారక్క భర్త. బొగ్గుబాయిలో ముప్పై ఏళ్ళు చేసి దిగిన మనిషి. బాయిలో పైకప్పు కింద ముప్పై ఏళ్ళు బతికినవాడు ఇక్కడి కప్పు కింద పోయాడు. పక్కన గడ్డపార దొరికింది. పైకి చూస్తే దూలం ఊడిన బొంద మూతి దగ్గర రాళ్ళ మీద గడ్డపార గాట్లు. ఇంకేం కావాలి. ఊరు పంచాయితీ కూర్చుంది. టేకు దూలం కోసం పెకలించబోయి చచ్చాడంది.

సారక్క చెప్పింది. పక్క ఊరి కమ్మరి దగ్గర గడ్డపారకు మొన పెట్టించుకుని వస్తున్నాడు, వాన ముంచుకొస్తే నిలబడ్డాడు అంది. కమ్మరి కూడా వచ్చి అవునన్నాడు. "దొంగతనానికే మొన పెట్టించుకున్నడు" అన్నారు. ఆ రోజు నుంచి ఆమె ఇల్లు దూలపోళ్ళ ఇల్లు అయింది. రేషన్ షాపులో కూడా అదే పేరుతో పిలిచారు. పడ్డ దూలాన్ని వారం తిరక్కుండా ఎవరో రంపం పెట్టి కోసుకుపోయారు.

"నా మొగున్ని దొంగ అన్నోళ్ళే కోసుకపోయిండ్రు," అని ఆమె పంతొమ్మిది రోజుల్లో ఒక ముప్పైసార్లయినా అని ఉంటుంది. "ఎవలింట్ల గడప అయిందో నాకు ఎరుక లేదనుకుంటున్నరు."

ఇప్పుడు ఈ మరమ్మతు ఎందుకంటే, మూడో లైను వేస్తున్నారు. పాతవి కూల్చాలన్నారు. హాల్టు కమిటీ చైర్మన్ వెంకటరామారావుగారు అర్జీలు పెట్టారు. వాళ్ళ తాతలు కృష్ణ అవతలి నుంచి వచ్చి ఇక్కడ భూములు కొన్నారు. హాల్టు పక్క పదెకరాలు ఆయనవే. పాత కట్టడాలు చూసే ఇంజనీరు వచ్చి చూసి, గోడ గట్టిదే, దొంగలు పెకలించబట్టి ఒక దూలం పడింది, పాత పద్ధతిలో బాగుచేస్తే నిలుస్తుంది అని రాశాడు. సున్నంతోనే చెయ్యాలి, సిమెంటు ముట్టుకోకూడదు అన్నాడు. ఈ చుట్టుపక్కల సున్నం పని తెలిసినవాణ్ని నేనొక్కణ్నే మిగిలాను. మా నాన్న నేర్పాడు.

పని అయ్యాక పెట్టడానికి రావుగారు ఒక బోర్డు కూడా రాయించి తెచ్చి గోడకు ఆనించారు. 'దొంగల చేతిలో దెబ్బతిన్న ఈ విశ్రాంతి మందిరాన్ని' అని మొదలవుతుంది. పేరు రాయలేదు. రాయనక్కర లేదు. సారక్క రోజూ వచ్చి కూర్చునేది ఆ బోర్డుకు ఎదురుగానే.

"గీ గోడ నిలబడితే గా బోర్డు నిలబడ్తది. గా బోర్డు నిలబడితే నా మొగుడు నూరేండ్లు దొంగ," అంది మొదటి రోజే. "కూల్తే పీడ పోతది. కూలాలె."

లాలు ఎనిమిది గంటలకు వచ్చాడు. తండా మనిషి, యాభై దాటినవాడు, నాతో ఇరవై ఏళ్ళుగా పనిచేస్తున్నాడు. కరక్కాయలు నానిన నీళ్ళలో బెల్లం కరిగించి సున్నంలో కలుపుతూ, "మేస్త్రీ, గోడకేమో బెల్లం, మనకేమో చెక్కర లేని చాయ్. పుడితే గోడై పుట్టాలె," అన్నాడు.

"గోడై పుట్టినా ఏం లాభం," అంది సారక్క. "నీ అసొంటోడు పక్కన గడ్డపార పెట్టుకొని పండితే నీ కడుపు కోసిండంటరు."

"నన్నెందుకు తిడ్తవక్కా, నేనేమన్ననా?"

"ఏమన్లే. అన్నోళ్ళ ఎనక నిలబడి తలకాయ ఊపినవ్."

లాలు మళ్ళీ సున్నం కలపడంలో పడ్డాడు. నిజమే, ఊపాడు.

మొదటి వారంలో వీళ్ళిద్దరికీ ఒకసారి చేతుల దాకా వచ్చింది. రెండో స్తంభం మీద మనిషి భుజమెత్తున తెల్లటి మందం ఒకటి ఉంది. రైలు కోసం కూర్చున్నవాళ్ళు తమలపాకుకో పొగాకుకో సున్నం రాసుకుని, వేలికి మిగిలింది ఆ స్తంభానికి పూసేవాళ్ళు. ఎన్నేళ్ళ వేళ్ళో తెలియదు, అరంగుళం దళసరి కట్టింది. లాలు గోకుడు బిళ్ళ ఎత్తగానే సారక్క లేచి వాడి మణికట్టు పట్టుకుంది. "గండ్ల నా మొగుని ఏలున్నది. ముట్టినవంటే నీ ఏలు ఉండదు." నేను వద్దన్నాను. దాన్ని అట్లాగే వదిలేశాం.

ఆ పొద్దున చెయ్యాల్సిన పని మూడో దూలం బొందను శుభ్రం చేసి, డిపో నుంచి తెచ్చిన కొత్త దూలాన్ని ఎక్కించడం. మూడేళ్ళుగా ఆ బొందను ఎవరూ దగ్గర్నుంచి చూడలేదు. పైన వేలాడే పెంకులూ విరిగిన వాసాలూ తీసి, కింది గోడల్లో కదిలిన రాళ్ళు కూర్చోబెట్టేసరికే మాకు ఇన్ని రోజులు పట్టింది. నేను కూడా చూడలేదు. దూలం పడ్డప్పుడు నేను బూర్గంపాడు అవతల పనిలో ఉన్నాను. వచ్చాక ఎల్లస్వామి సమాధి దిమ్మె నా చేత్తోనే కట్టాను. ఈ గోడ వైపు మాత్రం రాలేదు. రావాలనిపించలేదు. ఎందుకనిపించలేదో నన్ను నేను అడగలేదు.

కట్టెల మంచె ఎక్కి, ఉలితో బొందలో మట్టి లాగాను. మట్టి వెనక దూలం ముక్క తల ఇంకా లోపలే ఉంది. ఉలి తగలగానే చెక్కలా పలకలేదు. తడిసిన చాయపత్తిలా పొడై రాలింది. టేకు అట్లా కావడం నేను ఎప్పుడూ చూడలేదు. దాని చుట్టూ, పైనా పక్కలా, నల్లగా గట్టిగా సిమెంటు.

మా నాన్న పని నేర్పినప్పుడు మొదట చెప్పిన మాట: దూలం తలకు గాలి తగలాలి. గోడలో బొంద దూలం కంటే వేలెడు పెద్దగా ఉండాలి, ఆ సందు మూయకూడదు. తల ఊపిరి తీసుకుంటే దూలం మనకంటే ఎక్కువ బతుకుతుంది. ఈ చావడి కట్టినవాళ్ళకూ అది తెలుసు. నాలుగు దూలాలకూ వేలెడు సందు వదిలారు.

పన్నెండేళ్ళ కింద ఆ సందుల్లో గబ్బిలాలు చేరాయి. అప్పుడు వెంకటరామారావుగారు సర్పంచి. పెద్దాఫీసర్లు వస్తున్నారు, కంపు కొడుతోంది, సాయంత్రంలోగా పూడ్చెయ్ అన్నారు. సున్నం అయితే నానడానికే వారం. సిమెంటు అయితే ఆ పూటే. గడ్డపారతో సందుల మూతులు వెడల్పు చేశాను, సిమెంటు లోపలికి పోవాలని. నాలుగు దూలాల తలలూ పూడ్చేశాను. గబ్బిలాలు పోయాయి. ఆఫీసర్లు వచ్చి పోయారు. సిమెంటు నీళ్ళను లోపలే పట్టి ఉంచింది. తొమ్మిది వానాకాలాలు పట్టింది మూడో దూలం తల కుళ్ళడానికి.

బొంద అడుగున అరచేయంత సిమెంటు పెచ్చు ఒకటి పడి ఉంది. తీసి తిప్పి చూశాను. దాని వీపు మీద మూడు గట్లు తేలి ఉన్నాయి. మూతి రాయి మీది గాట్లకు ఆనించాను. మూడు గట్లూ మూడు గాట్లలో కూర్చున్నాయి. గాట్లు ముందు పడితేనే సిమెంటు వాటి రూపు తీసుకుంటుంది. ఊరంతా మూడేళ్ళు చూపించిన ఆ గాట్లు నా గడ్డపారవి. పెచ్చు అంచున బొటనవేలి ముద్ర కూడా ఉంది. ఏది కూరినా చివర వేలితో నొక్కడం నాకు అలవాటు.

లాలు కింద నుంచి మంచె ఎక్కి నా భుజం మీదుగా చూశాడు. ఇరవై ఏళ్ళ పనివాడు. చెప్పాల్సిన అవసరం రాలేదు.

"ఓ మేస్త్రీ," అన్నాడు మెల్లగా. "గిది మనదే గద."

"నాది. ఆ పూట నువ్వు పనికి రాలే."

తొమ్మిదిన్నరకు రావుగారి కారు వచ్చింది. పంచె అంచు ఎత్తిపట్టుకుని కంకర మీద జాగ్రత్తగా నడిచి వచ్చారు. "ఏమయ్యా చెంచురామయ్యా, ఇంకా దూలం ఎక్కించలేదేంటి? పదకొండింటికి ఇంజనీరు వస్తున్నాడు."

నేను దిగి, ఆయన్ని చావడి వెనక్కి తీసుకుపోయి చెప్పాను. నాకు చెప్పడం చాతకాదు. రెండు ముక్కల్లో చెప్పాను. పెచ్చు చూపించాను.

ఆయన దాన్ని ముట్టుకోలేదు. "ఎవరెవరు చూశారు?"

"నేను, లాలు."

"పూడ్చెయ్. ఇంజనీరు వచ్చేలోగా సున్నంతో మెత్తెయ్."

"పన్నెండేండ్ల కింద గూడ గిదే మాట అన్నరు మీరు."

"అంటే? నేనన్నందుకు పడిందా? మేస్త్రీవి నువ్వా నేనా? అలా చెయ్యకూడదని తెలిసినవాడివి అప్పుడే చెప్పాలి. నోట్లో ఏం పెట్టుకున్నావ్?"

ఆ మాటలో తప్పు లేదు.

ఆయన గొంతు తగ్గించారు. "బుర్ర పెట్టి ఆలోచించు. ఆ కాగితంలో ఏం రాసుంది? గోడ గట్టిది, దొంగలు పీకితే పడింది అని. ఆ ఒక్క మాట మీద నిలబడిందిది. దానంతటదే పడిందని తెలిస్తే ప్రమాదం అని రాసి జేసీబీ పంపిస్తారు. రెండు గంటల పని. నువ్వు మీ నాన్న పేరు చెప్పుకుని చేస్తున్న పని కూడా దాంతోనే పోతుంది. చచ్చిపోయినవాడి పేరు కోసం బతికున్నవాళ్ళ హాల్టు పోగొడతావా?"

ఆయన నా చేతిలోని పెచ్చు వైపు చూశారు.

"పోగొట్టావో, ఈ నాలుగు మండలాల్లో నీ చేతికి ఎవడూ తాపీ ఇవ్వడు. నేను ఇవ్వనివ్వను."

ముందు నుంచి సారక్క గొంతు వచ్చింది. "ఏందా గుసగుస? మళ్ళ ఎవల్ని దొంగను జేస్తున్నరు?"

"నువ్వు నోరు ముయ్యి," అన్నారు రావుగారు అటు తిరిగి. "రోజూ వచ్చి ఇక్కడ శోకాలు పెడుతోంది."

"శోకం కాదు, కాపలా. దొంగలు తిరిగే జాగ అని మీరే అంటిరి గదా."

నేను సున్నం పళ్ళెం తీసుకుని మంచె ఎక్కాను.

దీన్ని దాచి లాభం లేదు. ఎక్కాను, తాపీ నిండా సున్నం తీశాను, మొదటి గాటు మీద పెట్టాను. సున్నం మెత్తగా ఉంది, రెండు వారాలకు పైగా నానింది, వెన్నలా పట్టుకుంది. నేను చేసిన మంచి సున్నాల్లో అదొకటి. గాటు మాయమైంది. రెండో గాటు మీదికి తాపీ తిప్పాను. మనసులో ఒకటే అనుకుంటున్నాను. చావడి ఉంటుంది. ఉంటే చాలు.

"ఏందది మేస్త్రీ?"

కిందికి చూశాను. సారక్క బెంచీ దిగి మంచె కాళ్ళ దగ్గరికి వచ్చి నిలబడింది. తల వెనక్కి వంచి నా చేతినే చూస్తోంది.

"దూలం పెట్టకముందే బొంద మెత్తుతున్నవేంది? పంతొమ్మిది దినాల సంది సూస్తున్న నీ పని. ముందల రాయి కడుగుతవ్, తడుపుతవ్, కూసోబెడ్తవ్, గప్పుడు సున్నం. గిప్పుడు దూలం కిందనే పండి ఉన్నది, నువ్వు పైన సున్నం పెడ్తున్నవ్. ఏం దాస్తున్నవ్?"

పంతొమ్మిది రోజులూ ఆమె నన్ను తిట్టడానికే వచ్చిందనుకున్నాను. నా చేతులు చూడడానికి కూడా వచ్చింది.

రావుగారు వెనకనుంచి, "నీకేం తెలుసు మేస్త్రీ పని? జరుగు పక్కకు," అన్నారు.

"ఎరుక లేకనే అడుగుతున్న. ఆయన్ని చెప్పమను."

తాపీ పళ్ళెంలో పెట్టి, గాటులోని సున్నాన్ని బొటనవేలితో తోడేశాను. చొక్కాకు తుడుచుకున్నాను. మూడు గాట్లూ మళ్ళీ ఎండలో కనబడుతున్నాయి.

ఇంజనీరు ఉదయ్ భాస్కర్ పదకొండుకు పది నిమిషాల ముందే వచ్చాడు. ముప్పై ఐదేళ్ళుంటాయి, మెడలో టేపు, చేతిలో ఫైలు. రావుగారు కొబ్బరిబోండాం తెప్పించబోయారు. నేను మంచె మీద నుంచే పిలిచాను.

"సార్. పైకి రావాలె."

ఎక్కాడు. దూలం తల పొడి వేళ్ళ మధ్య నలిపి చూశాడు. పెచ్చు ఇచ్చాను. తిప్పి చూసి, నేను చెప్పకముందే గాట్లకు ఆనించి చూశాడు. అతనికి పని తెలుసు.

"అంటే ఈ గాట్లు సిమెంటు కంటే ముందువి. పెకలించినప్పటివి కావు."

"కావు సార్."

"ఈ సిమెంటు ఎవరు పెట్టారు?"

"నేనే."

కింద నుంచి సారక్క, "ఏమన్నడు? గట్టిగ చెప్పు," అంది.

"నేనే పెట్టిన. పన్నెండేండ్ల కింద," అన్నాను.

"గాట్లు?"

"గాట్లు గూడ నావే. నా గడ్డపారవి. ఎల్లస్వామి ముట్టలేదు. నా సిమెంటుకు దూలం కుళ్ళి పడ్డది."

"మళ్ళ చెప్పు."

కంకర దింపడానికి వచ్చిన ట్రాక్టరు వాళ్ళు ఇద్దరు నిలబడి చూస్తున్నారు. మేకలు కాసే ఆయన నిలబడ్డాడు. లాలు తల వంచుకున్నాడు. నేను మళ్ళీ చెప్పాను. మూడోసారి కూడా చెప్పమంది. చెప్పాను. నా జీవితంలో అంత గట్టిగా అన్ని మాటలు మాట్లాడింది అదే.

ఆమె ఏడవలేదు. వంగి పట్టాల పక్కనుంచి కంకరరాయి ఒకటి తీసుకుని విసిరింది. నా కుడి భుజానికి తగిలింది. ఇంకోటి తీసుకుంది, విసరలేదు.

"నా మొగుని బొంద మీద దిమ్మె గూడ నువ్వే గడ్తివి గదరా," అంది. "గా సిమెంటు చేతుల్తోనే గడ్తివి. నేను నీకు అన్నం పెడ్తిని. కూసొని తింటివి."

తిన్నాను. ఆ రోజు ఆమె ఇంట్లో రెండుసార్లు పెట్టించుకుని తిన్నాను.

రావుగారు ఇంజనీరు వైపు తిరిగారు. "సార్, ముసలాడు. ఎండ దెబ్బ. పన్నెండేళ్ళ కిందటి సంగతి ఏం గుర్తుంటుంది? పంచాయితీ తీర్మానం ఉంది మన దగ్గర."

"తీర్మానం సిమెంటు కంటే గట్టిదా సార్?" అన్నాడు ఇంజనీరు దిగుతూ. నవ్వలేదు. "మిగతా మూడింటికి కూడా ఇదే చేశావా?"

"చేసిన."

"తవ్వు. ఇప్పుడే."

మధ్యాహ్నం రెండింటి దాకా తవ్వాము. ఉలి దెబ్బ దెబ్బకూ సిమెంటు నన్ను తిట్టినట్టే ఉంది. ఒకటో దూలం తల గట్టిగా ఉంది. నాలుగోది కూడా. రెండోది బయట నాలుగు వేళ్ళు మెత్తబడింది, లోపల చేవ ఉంది. ఇంజనీరు సన్నని ఊచతో పొడిచి పొడిచి చూశాడు. టార్చి వేశాడు. ఫోటోలు తీశాడు. రావుగారు కారులో ఏసీ వేసుకుని కూర్చుని ఎవరెవరికో ఫోన్లు చేశారు.

తర్వాత ఇంజనీరు రాతి బెంచీ మీద, సారక్క పక్కనే కూర్చుని ఫైలు తెరిచాడు. రాస్తూ, రాసింది చదివాడు. "దూలం పడడానికి కారణం దొంగతనం కాదు. గతంలో జరిగిన తప్పుడు సిమెంటు మరమ్మతు వల్ల దూలం కొస కుళ్ళిపోవడం. గాట్లు ఆ మరమ్మతు నాటివి."

"ఇంకోపారి సదువు బిడ్డా," అంది సారక్క.

చదివాడు.

"పేరు రాయి. ఎల్లస్వామి అని రాయి. పేరు లేకుంట తిట్టిండ్రు, పేరు లేకుంటనే మంచోడంటే ఎవలకు తెలుస్తది?"

అతను పెన్ను ఆపాడు, రాశాడు. 'మృతుడు ఎల్లస్వామికి ఇందులో ఎలాంటి ప్రమేయం లేదు.' అది కూడా రెండుసార్లు చదివించుకుంది.

"కానీ ఒకటి," అన్నాడు లేస్తూ. "ఈ రిపోర్టు పోయాక పైవాళ్ళు ఏమంటారో నేను చెప్పలేను. బాగుచెయ్యమనొచ్చు. ప్రమాదం, తీసెయ్యమనొచ్చు. అప్పటిదాకా పని బంద్. తవ్విన దూలాలకు మాత్రం ఈ పూటే ముట్లు పెట్టండి. సిమెంటు తీసేశాం, తలలు వదులుగా ఉన్నాయి. గూడ్సు వస్తే ఏమవుతుందో."

అతను పోయాడు. రావుగారు కారు అద్దం దించారు.

"చేసింది నువ్వు, చెప్పింది నువ్వు, కూల్చేది కూడా నువ్వే. రేపు జేసీబీ వచ్చినప్పుడు ముందు వరసలో నిలబడు, చెంచురామయ్యా."

"ఆ బోర్డు తీస్కపో రావుగారూ," అంది సారక్క. "దొంగలు తిరిగే జాగ. ఎవలన్న ఎత్కపోతరు."

ఆయన డ్రైవరు దిగి బోర్డు తీసి డిక్కీలో వేసుకున్నాడు.

ముట్టు అంటే దూలం కింద నిలువుగా నిలబెట్టే మొద్దు. నెత్తిన, పాదాన మేకులా చీలికలు దిగ్గొట్టి బిగించాలి. ఒకరు కింద పాదం కదలకుండా పట్టాలి, ఒకరు నిలువు పట్టాలి, ఒకరు కొట్టాలి. ఇద్దరమే ఉన్నాం. ట్రాక్టరు వాళ్ళను పిలిచాను. రావుగారి ట్రాక్టరు అది. వాళ్ళు ఎక్కి పోయారు.

మొద్దు నిలబెట్టి చూశాము. పాదం జారుతోంది. లాలు రెండు చేతులూ నిలువుకు చాలడం లేదు. నేను సుత్తి పట్టుకుని అటూ ఇటూ చూస్తున్నాను. అప్పుడు సారక్క లేచి వచ్చింది. చీర కుచ్చెళ్ళు దోపుకుని, నేల మీద కూర్చుని, రెండు చేతులతో, మోకాలితో మొద్దు పాదాన్ని పట్టింది.

"కొట్టు," అంది.

నేను ఆగాను.

"ఏం సూస్తున్నవ్? నీ మీద జాలి అనుకుంటున్నవా? గిది గియ్యాల కూలితే, మళ్ళ ఇంకో కత జెప్తరు వాళ్ళు. గాట్లు గోడల ఉన్నయి. పెచ్చు నా తాన ఉన్నది. రెండూ ఉండాలె. కొట్టు."

పెచ్చు ఎప్పుడు తీసుకుందో నేను చూడలేదు. కొంగు ముడిలో అరచేయంత బరువు వేలాడుతోంది.

కొట్టాను. ఒకటో దూలం, రెండోది, నాలుగోది. ప్రతి దెబ్బకూ ఆమె చేతుల మీద దుమ్ము రాలింది. చేతులు తియ్యలేదు. చివరి చీలిక బిగిశాక మొద్దును పిడికిలితో కొట్టి చూసింది. గట్టి చప్పుడు వచ్చింది.

"మూడో బొంద పూడ్చొద్దు," అంది. "దూలం పెట్టమంటె పెట్టు. గాట్లు కనబడాలె."

"కనబడ్తయి. సందు వదుల్త," అన్నాను. "వదలాల్నే."

మూడు దాటింది. పొగ ఇంకా పూర్తిగా విడవలేదు. ఎండ పచ్చగా, మసకగా పడుతోంది. ఎవరమూ పొద్దున్నుంచి ఏమీ తినలేదు. లాలు మూట విప్పాడు. జొన్నరొట్టె, వెల్లుల్లి కారం. నా డబ్బాలో అన్నం, చింతచిగురు పప్పు. వాళ్ళిద్దరూ బెంచీ మీద, నేను కింద స్తంభానికి ఆనుకుని.

సారక్క తన టిఫిను తెరిచింది. అన్నం, ఎండు రొయ్యలూ టమాటా. నా వైపు చూడలేదు. మూతలో రెండు గరిటెల కూర వేసి, బెంచీ అంచుకు తోసింది. లాలు రొట్టె చించి ఇద్దరికీ ముక్క పెట్టాడు. నేను పప్పు డబ్బా ఎత్తి బెంచీ మీద పెట్టాను. ఆమె దాన్ని కాసేపు అట్లాగే ఉంచింది. తర్వాత ఒక్క ముద్దకు సరిపడా తీసుకుంది.



కారేపల్లి వైపు నుంచి బొగ్గు గూడ్సు వచ్చింది. పాదాల్లోంచి వణుకు మొదలైంది. ముగ్గురమూ తినడం ఆపి, అన్నాల మీద చేతులు కప్పుకుని, పైకి దూలాల వైపు చూశాము. చేతుల మీద దుమ్ము పడింది. పెంకులు గలగలమన్నాయి. మొద్దులు కదల్లేదు. గూడ్సు పొడుగ్గా, ఆగకుండా పోయింది.

చేతులు తీసి మళ్ళీ తిన్నాము.